‘రెడీ సెటప్’ లినక్స్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? డబ్బు కట్టకముందే హోమ్ ఫోల్డర్ తెరిచి చూడండి

కర్నూలు, అనంతపురం, కడప వైపు సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనే బీటెక్ పిల్లలకు, కొనిపెట్టే అమ్మానాన్నలకు ఈ హెచ్చరిక. ల్యాప్‌టాప్ ధర మీద ఇంకో వెయ్యో రెండు వేలో తీసుకుని ‘డెవలపర్ సెటప్’ అని కొన్ని షాపుల్లో అంటగడుతున్నారు. “ఉబుంటు, గిట్, టెర్మినల్ కలర్లు అన్నీ వేసిచ్చినాం తమ్ముడూ, పాస్‌వర్డ్ మార్చుకుంటే చాలు” అంటారు. చాలదు. (ఉబుంటు అంటే లినక్స్‌లో ఒక రకం, గిట్ అంటే కోడ్ మార్పుల లెక్క ఉంచే టూల్, టెర్మినల్ అంటే కమాండ్లు కొట్టే కిటికీ.)

వాళ్లు చేసే పని ఇంతే. షాపు పేరు మీద ఒక గిట్ రెపో, అంటే నెట్‌లో ఫైళ్ల గిడ్డంగి, ఉంటుంది. అందులో బాష్ (టెర్మినల్‌లో కమాండ్లు నడిపేది), గిట్, ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద ఇంకో కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) సెట్టింగుల డాట్‌ఫైళ్లు, అంటే పేరు ముందు చుక్కతో దాగి ఉండే ఫైళ్లు, ఉంటాయి. అమ్మే ప్రతి మెషీన్‌లో దాన్నే క్లోన్ (కాపీ) చేసి, డాట్‌ఫైళ్లను సర్దే టూల్స్ అయిన స్టోతోనో చెజ్‌మోయ్‌తోనో హోమ్ ఫోల్డర్‌లో (మీ సొంత ఫైళ్లుండే చోటు) పరిచేస్తారు. ఆ టూల్స్‌లో తప్పేమీ లేదు, రెండూ మంచివే. ల్యాప్‌టాప్ మీ ఇంటికొచ్చాక కూడా ఆ రెపో షాపు చేతిలోనే ఉండిపోతుంది, తంటా అదీ.

ఇలా అమ్మిన ఒక మెషీన్‌లో బయటపడినవి చూడండి. ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో (పాస్‌వర్డ్ లేకుండా ఎవరెవరు లోపలికి రావచ్చో రాసుండేది) ఒక లైను ఉంది, దాని చివర షాపు కంప్యూటర్ పేరు. పక్కనే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ (బయటి నుంచి లాగిన్లను రానిచ్చేది) కూడా వేసి, ఆన్‌లో పెట్టారు. మామూలుగా ఉబుంటు డెస్క్‌టాప్‌లో అది ఉండదు. ఇంట్లో రౌటర్ వెనకాల ఉన్నంతసేపు బయటివాళ్లు తేలిగ్గా చేరలేరు గానీ, హాస్టల్ వైఫైలో అదే నెట్‌వర్క్ మీదున్నవాడికి దారి తెరిచే ఉండొచ్చు.

అంతకన్నా ఘోరం ప్రైవేట్ కీ, అంటే పాస్‌వర్డ్ బదులు లాగిన్‌కు వాడే రహస్య ఫైలు. కొత్తది తయారు చేయలేదు, రెపోలో ఉన్నదాన్నే కాపీ చేశారు. అంటే ఆ షాపులో కొన్న అందరి దగ్గరా ఒకటే తాళంచెవి. మీ పబ్లిక్ కీని (ప్రైవేట్ కీకి జతగా బయటికిచ్చేది) గిట్‌హబ్‌లో (కోడ్ రెపోలు పెట్టుకునే సైటు) చేర్చబోతే ‘కీ ఈజ్ ఆల్రెడీ ఇన్ యూజ్’ అని వచ్చిందా? మీకన్నా ముందు కొన్నవాళ్లెవరో దాన్ని చేర్చేశారన్నమాట. ఎర్రర్ రాకుండా చేరిపోతే సంతోషించకండి. ఆ కీ ఉన్నవాళ్లంతా మీ రెపోల్లోకి పుష్ చేయగలరు, అంటే మార్పులు ఎక్కించగలరు.

గిట్‌కాన్ఫిగ్‌లో (గిట్ సెట్టింగుల ఫైలు) షాపు కుర్రాడి పేరు, ఈమెయిల్ అలాగే ఉన్నాయి. గిట్‌హబ్ కమిట్లను (గిట్‌లో భద్రపరిచే ఒక్కో మార్పు) ఈమెయిల్ బట్టే లెక్కేస్తుంది కాబట్టి మీ ప్రాజెక్టు పని అతని ఖాతాలో పడుతుంది. క్రెడెన్షియల్ హెల్పర్‌కు (లాగిన్ వివరాలు గుర్తుంచుకునేది) ‘స్టోర్’ అని పెట్టారు. మీరు టోకెన్ (గిట్‌హబ్‌కు పాస్‌వర్డ్ బదులు వాడేది) ఒకసారి కొడితే చాలు, గిట్ క్రెడెన్షియల్స్ ఫైల్లో ఉన్నదున్నట్టు, ఏ ఎన్‌క్రిప్షన్ లేకుండా కూర్చుంటుంది.

అసలు కీలకం క్రాన్‌టాబ్‌లో (వేళకు వాటంతటవే నడిచే పనుల పట్టిక) ఉంది: రోజూ చెజ్‌మోయ్ అప్‌డేట్, మిమ్మల్ని అడగకుండా మార్చేసే ఫోర్స్ ఆప్షన్‌తో. అప్‌డేట్ అంటే రెపో నుంచి లాగడం, వెంటనే అప్లై చేయడం, రెండూ. పేరు ‘రన్ అండర్‌స్కోర్’తో మొదలయ్యే స్క్రిప్టులు అప్లై చేసినప్పుడు నడుస్తాయి. షాపువాళ్లు రేపు రెపోలో ఒక స్క్రిప్టు పెడితే ఎల్లుండికల్లా అది మీ మెషీన్‌లో మీ యూజర్ పేరుతో నడిచిపోతుంది. మీరు మార్చుకున్న బాష్‌ఆర్‌సీ (బాష్ సెట్టింగుల ఫైలు) తెల్లారేసరికి పాత రూపంలోకి వచ్చేస్తుంటే కారణం ఇదే. స్టో అయితే ఇంకా సులువు. ఫైళ్లన్నీ రెపోలోకి పోయే సిమ్‌లింకులే (అసలు ఫైలుకు దారి చూపే షార్ట్‌కట్లు) కాబట్టి వట్టి గిట్ పుల్ (రెపో నుంచి కొత్తవి లాగడం) చాలు, మీరు తర్వాత టెర్మినల్ తెరవగానే కొత్త కోడ్ నడుస్తుంది.

ఇదంతా దొంగతనం కోసమే అని అనడం లేదు. ఎక్కువభాగం బద్ధకమే, ఒకసారి రాసిన స్క్రిప్టు అందరికీ కొట్టేయడం. కానీ ఆ గిట్ ఖాతా రేపు ఇంకెవరి చేతిలో పడినా నష్టం మీకే.

కౌంటర్ దగ్గరే పది నిమిషాలు అడగండి. టెర్మినల్‌లో ఎల్‌ఎస్ మైనస్ ఎల్‌ఏ కొడితే, స్టోతో పరిచిన డాట్ ఫైళ్ల పక్కన బాణం గుర్తులు కనిపిస్తాయి, అవి సిమ్‌లింకులు. క్రాన్‌టాబ్ మైనస్ ఎల్, సిస్టమ్‌సీటీఎల్ యూజర్ టైమర్లు (క్రాన్‌టాబ్ లాగే వేళకు నడిచేవి), ఆథరైజ్డ్ కీస్ చూడండి. సుడో అంటే పాస్‌వర్డ్ అడిగి అడ్మిన్ పనులు చేయించే కమాండ్; టైప్ మైనస్ ఏ సుడో కొట్టినప్పుడు ఏలియాస్ అనో ఫంక్షన్ అనో (అంటే ఆ పేరు వెనక ఇంకేదో నడుస్తోందని) వస్తే లేచి వచ్చేయండి, మీ పాస్‌వర్డ్ పట్టుకోవడానికి అంతకన్నా తేలికైన దారి లేదు. సుడో మైనస్ ఎల్‌లో ‘NOPASSWD’ (పాస్‌వర్డ్ అడగకుండానే అడ్మిన్ పనులు) ఉందేమో కూడా చూడాలి.

ఇప్పటికే కొనేసినవాళ్లు రెపో ఫోల్డర్‌ను తొందరపడి డిలీట్ చేయకండి. స్టో అయితే లింకులన్నీ తెగిపోయి టెర్మినల్ బోసిగా తెరుచుకుంటుంది. చెజ్‌మోయ్ అయితే ఫైళ్లు కాపీలు కాబట్టి రెపో పోయినా పాత చెత్త అక్కడే ఉంటుంది. ముందు నెట్ ఆపి, ఇంకో ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో గిట్‌హబ్ టోకెన్లు, కీలు రద్దు చేయండి. తర్వాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో ఉబుంటు 24.04 మళ్లీ ఎక్కించండి, ‘ఎరేజ్ డిస్క్’ ఎంచుకుని. కొత్త యూజర్‌ను చేసుకుంటే సరిపోదా అంటే సరిపోదు, ఈటీసీలో (సిస్టమ్ సెట్టింగుల ఫోల్డర్), రూట్ (అడ్మిన్) క్రాన్‌లో పెట్టినవి అలాగే మిగులుతాయి. కొత్త కీని ఈడీ25519 రకంలో మీరే తయారు చేసుకోండి.

చాలామంది బోల్తా పడేది బ్యాకప్‌లో. హోమ్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి, ఫార్మాట్ అయ్యాక తిరిగి పోస్తే డాట్ ఫైళ్లన్నీ వెనక్కి వచ్చేస్తాయి. డాక్యుమెంట్లు, ఫోటోలు, ప్రాజెక్టు ఫోల్డర్లు విడివిడిగా తీసుకోండి.

డాట్‌ఫైల్ మేనేజర్ కావాలనుకుంటే మీ సొంత ప్రైవేట్ రెపోతో మొదలుపెట్టండి. చెజ్‌మోయ్ ఇనిట్, ఒక్కో ఫైలు యాడ్, ప్రతిసారీ డిఫ్ (ఏమేం మారబోతున్నాయో చూపేది) చూశాకే అప్లై. ప్రైవేట్ కీలు, టోకెన్ల ఫైళ్లు అందులో చేర్చొద్దు. పొరపాటున పుష్ అయితే తర్వాతి కమిట్‌లో తీసేసినా హిస్టరీలో ఉండిపోతుంది, ఆ టోకెన్‌ను రద్దు చేయాల్సిందే.

ఇక కొనబోయేవాళ్లు ఖాళీ ఎస్‌ఎస్‌డీతోనో మామూలు ఇన్‌స్టాల్‌తోనో ఇమ్మని అడగండి. “ఫార్మాట్ చేస్తే వారంటీ పోతాది” అని అడ్డం పడే షాపులున్నాయి. ఓఎస్ మళ్లీ ఎక్కించుకున్నా హార్డ్‌వేర్ వారంటీ ఉంటుందని బిల్లు మీదే రాయించుకుని, అప్పుడు డబ్బు కట్టండి.