రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ చరిత్ర నడక: వెళ్లొచ్చాక నా మాట

ముందే చెప్పేస్తున్నానండి, వెళ్లండి. ఇంట్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి.

రాజమండ్రిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఆదివారాలు పొద్దున్నే చేయించే నడక ఇది. ఆర్ట్స్ కాలేజీ గేటు దగ్గర మొదలై, మధ్యలో ఆటో ఎక్కి, కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు, టౌన్ హాలు చూసుకుని ఎండ ముదిరేలోపు అయిపోతుంది. మనిషికి మూడొందలు, స్టూడెంట్లకి సగం. పేరు, నంబరు నెట్‌లో పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టట్లేదు.

రాజమండ్రి వస్తే మనం చూసేది ఘాటు, బ్రిడ్జి, తాగేది రోజ్ మిల్క్. ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లినా అదొక గవర్నమెంట్ కాలేజీ, అంతే. 1853లో స్కూలుగా మొదలై 1873లో కాలేజీ అయిన చోటు అది. హక్కుల కోసం గొంతెత్తడం అనే పని మన డెల్టాలో ఎక్కడ మొదలైందని ఎవరైనా అడిగితే చూపించాల్సిన చోట్లలో అదొకటని మాస్టారి మాట, నాకూ అదే అనిపించింది.

ఈ నడకలో అన్నిటికంటే బాగున్నది 1907 కథ. ఆ ఏడు ఏప్రిల్‌లో వందేమాతరం ఉద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు వాటిని తెలుగులో చెప్పారు. ఇదంతా స్కూలు పుస్తకంలో రెండు లైన్లలో చదివి వదిలేసిందే. మాస్టారు మాత్రం అలా వదలరు. అందరికీ తలొక చిన్న కాగితం ముక్క, ఒక గుండుసూది ఇచ్చి, దాని మీద వందేమాతరం అని రాసి చొక్కాకి పెట్టుకోమంటారు. పెట్టుకున్నాక నెమ్మదిగా అడుగుతారు: "ఇప్పుడు ప్రిన్సిపాల్ వచ్చి అది తియ్యమన్నాడు. తియ్యకపోతే సీటు పోతుంది, సర్కారు ఉద్యోగం ఇక రాదు. మీ నాన్న పొలం తాకట్టు పెట్టి చదివిస్తున్నాడు. ఎవరు ఉంచుకుంటారర్రా?" మా బ్యాచ్‌లో ఉన్న కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి మాత్రం ఆ కాగితాన్ని అరచేత్తో అదిమి పట్టుకుంది, తియ్యను అన్నట్టు. అప్పుడు చెప్తారు, మార్క్ హంటర్ అనే ప్రిన్సిపాల్ వద్దన్నా బ్యాడ్జీలతో క్లాసుకి వెళ్లిన పిల్లల మీద నిజంగానే వేటు పడిందని. గాడిచర్ల హరిసర్వోత్తమరావు అప్పటికే ఎం.ఏ. పాసై ఇక్కడే టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నారట, ఆయన్నీ బయటికి పంపేశారు. మరుసటి ఏడాదే పత్రికలో రాసిన రాతకి ఆయన మూడేళ్ల జైలు అనుభవించారు. బయటికొచ్చాక ఊరూరా గ్రంథాలయాలు, వయోజన విద్య అంటూ బతుకంతా ధారపోశారు. ఒక్క బ్యాడ్జీ తీసేసి ఉంటే హాయిగా సర్కారు కొలువులో ఉండేవారు కదా అనిపించి నాకు గుండె బరువెక్కింది.

కందుకూరి వారి భాగం కూడా బాగానే చెప్పారు. ఆయన ఈ కాలేజీలో తెలుగు పండితుడు, 1881 డిసెంబరు 11న తన ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఊరంతా ఎదురు తిరిగితే అండగా నిలిచినవాళ్లలో విద్యార్థులున్నారు. వెలి వేస్తారని తెలిసి కూడా నిలబడ్డారు. ఇక్కడే నాకు ఒక అసంతృప్తి. కందుకూరి వారి భార్య రాజ్యలక్ష్మి గారి గురించి మాస్టారు ఒక్క వాక్యంతో సరిపెట్టేశారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేస్తే ఆవిడే గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చి, పెళ్లికొచ్చినవాళ్లకి వండి వడ్డించారండి. పేరంటాలకి పిలిచేవాళ్లు లేక, చుట్టాలు మొహం చాటేస్తే ఆ ఇంట్లో రోజులు ఎలా గడిచి ఉంటాయో, అది చెప్పకుండా ఆ ఇల్లు చూపించడం నాకు సగమే చూపించినట్టు అనిపించింది. అడిగితే చెప్తారు, బాగా చెప్తారు కూడా. అడక్కుండానే చెప్పాలని నా కోరిక.

ఇంకోటి, కుసుమ ధర్మన్న గారి ఊసే లేదు. అంటరానితనం మీద, మన మధ్యనే ఉన్న పెత్తనాల మీద 1920ల్లోనే నిప్పులు చెరిగిన కవి, వైద్యుడు, ఈ ఊరివాడే. తెల్లదొరల్ని ఎదిరించిన కథలు చెప్పి, ఊరి బావి దగ్గర నీళ్లు తోడుకోనివ్వని మనవాళ్ల కథ వదిలేస్తే పిల్లలకి హక్కులంటే ఎప్పుడో అయిపోయిన గొడవ అనిపిస్తుంది. ఇది మాస్టారితోనే అన్నాను. కాదనలేదు, రూటు మార్చి చూస్తానన్నారు. వీలైతే కాకినాడ పి.ఆర్. కాలేజీకి కూడా ఇలాంటిదొకటి పెట్టమన్నాను. 1904 నుంచి 1919 దాకా రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉండి ఆడపిల్లల్ని చేర్చుకున్నారు, దళిత పిల్లల చదువుకి, హాస్టల్‌కి పాటుపడ్డారు. అది కూడా నడిచి చూడాల్సిన చోటే.

మిగతావి చిన్నవి. మైకు లేదు, ఇరవై మంది దాటితే వెనకవాళ్లకి సగం వినపడదు, ముందు వరసలో ఉండండి. ఆటోలో ఇరుక్కుని కూర్చోవాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సొంత బండి చూసుకోవడం మేలు. మంచినీళ్లు మీవే. సెలవు రోజు కాబట్టి కాలేజీ లోపలికి వెళ్లనిస్తారని అనుకోవద్దు, బయట నుంచే చూపిస్తారు.

మూడొందలకి ఇంత నేర్పేవాళ్లు దొరకరు. అయిదుకి నాలుగు ఇస్తున్నాను. ధర్మన్న గారి వీధి కూడా కలిపిన రోజు ఆ మిగతా ఒకటీ ఇస్తాను. మీరు వెళ్తే రాజ్యలక్ష్మి గారి గురించి అడగండి, ఎంతమంది అడిగితే అంత త్వరగా ఆవిడ కథ నడకలో చేరుతుంది.