డెస్క్‌టాప్: బాక్సులో వచ్చింది కొనాలా, విడిభాగాలు కొని బిగించుకోవాలా?

2025 మార్చిలో రెండు డెస్క్‌టాప్‌లు కొనే పని ఒకేసారి నా మీద పడింది. ఒకటి నరసరావుపేటలో ఎరువుల దుకాణం నడిపే మా బాబాయికి. బిల్లింగు, స్టాకు, జీఎస్టీ రిటర్నులు, సాయంత్రం పూట పాత పాటలు. ఆయన వాడకం అంతే. రెండోది హైదరాబాదులో చదువుకుంటున్న మా అక్క కొడుక్కి. వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్నానని చెప్పాడు. గేముల సంగతి నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఇద్దరూ అడిగింది ఒకటే: బ్రాండెడ్ మేలా, అసెంబుల్డ్ మేలా?

బాబాయికి బ్రాండెడ్ తీసుకున్నాం. వాడికి విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించాం. ఏడాది గడిచాక చూస్తే రెండూ సరైన పనులే అనిపిస్తోంది. అయితే కొనేటప్పుడు నేను వేసుకున్న లెక్కంతా ధర చుట్టూనే తిరిగింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందు వేరే సంగతి అడుగుతాను: సిస్టమ్ ఏ ఊళ్లో పెడతారు, ఆన్ కాని రోజు ఎవర్ని పిలుస్తారు?

అమెరికా వాళ్ల వీడియోలు చూసి లెక్కలు వేసుకునేవాళ్లకు ఒక మాట. వాళ్లు ఎక్కువగా మాట్లాడేది రెండు దారుల గురించే. మనకు మూడోది ఉంది, మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఆ దారినే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరి నోటా సీటీసీ. అక్కడ నాలుగు షాపులు తిరిగి కొటేషన్లు తీసుకుని, ఒకచోట ఖాయం చేసుకుంటే షాపు కుర్రాడే బిగించి ఇస్తాడు. దానికి కొందరు వెయ్యి రూపాయలు తీసుకుంటారు. అన్నీ వాళ్ల దగ్గరే కొంటే కొందరు అదీ అడగరు. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్ ఇలాంటివే. కట్టిన ఫ్లాటు కొనుక్కోవచ్చు, స్థలం కొని మేస్త్రీ చేత కట్టించుకోవచ్చు, తాపీ మనమే పట్టుకోవచ్చు. ఇదీ అలాంటిదే.

డబ్బు లెక్క

బాబాయికి కావలసింది చిన్న సిస్టమ్. ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఫైళ్లు దాచుకోవడానికి 512 జీబీ ఎస్ఎస్‌డీ. మానిటర్ పాతదే ఉంది. షాపులో అసెంబుల్డ్ కొటేషన్ 27 వేలు వచ్చింది. బ్రాండెడ్ 41,500. తేడా చూడగానే మనసు అసెంబుల్డ్ వైపు లాగింది. "మరి విండోస్?" అని అడిగితే "అది మేం వేసిచ్చేస్తాం సార్, ఏం ప్రాబ్లెం లేదు" అన్నాడు షాపతను. వేసిచ్చేది ఎక్కడిదో ఆయన చెప్పక్కర్లేదు, మనం అడగక్కర్లేదు. సొంత డబ్బుతో లైసెన్సు కొంటే విండోస్ 11 హోమ్‌కి పదివేల పైమాటే. అది కలిపితే తేడా మూడు నాలుగు వేలకు దిగింది. బ్రాండెడ్‌తో విండోస్, కీబోర్డు, మౌస్, పైగా మనిషి మన దగ్గరికే వచ్చి బాగుచేసే మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ వస్తున్నాయి. చిన్న సిస్టమ్ విషయంలో అసెంబుల్డ్ చవక అన్న మాట దొంగ విండోస్ మీదే నిలబడిందని ఆ రోజు నాకు అర్థమైంది. వ్యాపారం లెక్కలూ జీఎస్టీ పాస్‌వర్డులూ ఉండే సిస్టమ్‌లో ఎక్కడిదో తెలియని విండోస్ పెట్టడం నాకు ఇష్టం లేదు.

మేనల్లుడి లెక్క వేరేగా తేలింది. ఏఎండీ వాళ్ల రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 32 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ కలిపి 86 వేలైంది. లైసెన్సు కలిపినా 97 వేలు దాటలేదు. అదే గ్రాఫిక్స్ కార్డున్న బ్రాండెడ్ లక్షా ఎనిమిది వేలు చెప్పారు, అందులో ర్యామ్ 16 జీబీ, ఎస్ఎస్‌డీ 512 జీబీ మాత్రమే. సిస్టమ్ పెద్దదయ్యే కొద్దీ లైసెన్సు ఖర్చు చిన్నదైపోతుంది, విడిగా కొనడంలో లాభం బయటపడుతుంది.

ఇదంతా మార్చి నాటి మాట. 2025 చివరికొచ్చేసరికి ర్యామ్ ధరలు కొండెక్కాయి. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్‌లు తరలిపోతుండటంతో మామూలు డెస్క్‌టాప్ ర్యామ్ రెండింతలు దాటింది. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో జనానికి ర్యామ్‌లు, ఎస్ఎస్‌డీలు అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. ఇలాంటి పెరుగుదల విడిభాగాలు కొనేవాడికి ఆ వారమే తగులుతుంది. షోరూములో పాత ధరకు తెచ్చి పెట్టుకున్న బ్రాండెడ్ బాక్సుకి కాస్త ఆలస్యంగా తగులుతుంది. అందుకని నా అంకెలు పట్టుకుని షాపుకి వెళ్లకండి. రెండు కొటేషన్లూ ఒకే రోజు తీసుకుని పక్కపక్కన పెట్టుకోండి.

మూత తీసి చూస్తే

బ్రాండెడ్ బాక్సు మీద 16 జీబీ అని ఉంటే అది ఎన్ని ముక్కలో అడగాలి. చాలాసార్లు ఒకే 16 జీబీ ముక్క ఉంటుంది. రెండు 8 జీబీ ముక్కలైతే ప్రాసెసర్ రెండు దారుల్లో మెమరీతో మాట్లాడుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌లో ఈ తేడా కంటికి కనిపిస్తుంది. బిల్లింగుకి మాత్రం పట్టించుకోనక్కర్లేదు.

అసలు చూడాల్సింది ఎస్ఎంపీఎస్. కరెంటుని సిస్టమ్‌కి కావలసినట్టు మార్చి ఇచ్చే డబ్బా. దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే రెండు వైపులా మోసపోయేది ఇక్కడే.

బాబాయి పాత సిస్టమ్ కూడా బ్రాండెడే. కంపెనీ పేరెందుకు గానీ, ఏడాది వారంటీ అయిపోయిన కొన్నాళ్లకు ఒక ఉరుముల రాత్రి దాని ఎస్ఎంపీఎస్ పోయింది. ఏముంది, రెండు వేలు పెట్టి కొత్తది వేసేద్దాం అనుకుని గుంటూరులో ఒకటి కొనుక్కెళ్లాను. మూత తీసి చూస్తే ఎక్కాల్సిన చోటే లేదు. మామూలు మదర్‌బోర్డుకి 24 పిన్నుల వెడల్పాటి ప్లగ్గు ఉంటుంది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలతల నుంచి పెరుగుతూ వచ్చిన పద్ధతి అది, ఏ కంపెనీదైనా ఏ కంపెనీకైనా ఎక్కుతుంది. ఆ సిస్టమ్‌లో ఆరు పిన్నుల చిన్న ప్లగ్గుంది. డబ్బా ఆకారం కూడా వేరు, సన్నగా పొడుగ్గా, క్యాబినెట్‌లో ఓ మూలకు సరిపోయేలా చేశారు. చాలా బ్రాండెడ్ ఆఫీసు డెస్క్‌టాప్‌లు ఇంతే. ఆ కంపెనీ ముక్కే కావాలి. అది వచ్చేదాకా పద్దెనిమిది రోజులు బాబాయి చేత్తో బిల్లులు రాశాడు. ఖరీఫ్ సీజను కూడానూ. ఇప్పటికీ గుర్తు చేస్తుంటాడు. ఆ డబ్బాలోనే గ్రాఫిక్స్ కార్డు పెట్టాలన్నా ఇదే గొడవ, దానికి ఇవ్వడానికి విడి కరెంటు వైరే ఉండదు.

అలాగని అసెంబుల్డ్‌లో అంతా బంగారమేం కాదు. కొటేషన్ కాగితంలో ప్రాసెసర్ పేరు పొల్లు పోకుండా రాస్తారు, చివర్న "క్యాబినెట్ విత్ ఎస్ఎంపీఎస్" అని ఒక్క ముక్క ఉంటుంది. మార్జిన్ మిగిలేది అక్కడే. మేనల్లుడి కోసం తిరిగేటప్పుడు ఒక షాపులో అలాంటిది బయటికి తీయించి చేతిలో పెట్టుకుని చూశాను. పైన 450 వాట్లు అని స్టిక్కరుంది. పక్కనే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉన్న 550 వాట్లది పెట్టమన్నాను. మొదటిది ఖాళీ అగ్గిపెట్టెలా ఉంది, రెండోది పచ్చడి జాడీలా ఉంది. బరువొక్కటే కొలబద్ద అని కాదు గానీ, కరెంటుకి బరువైన చుట్టలూ కెపాసిటర్లూ కావాలి. అవి లేకుండా చేస్తేనే అంత తేలిక. అది పేలిన రోజు ఒంటరిగా పోదు, మదర్‌బోర్డునో ఎస్ఎస్‌డీనో వెంట తీసుకుపోతుంది. కొటేషన్‌లో ఎస్ఎంపీఎస్ కంపెనీ, మోడలు, వారంటీ ఏళ్లు రాసి లేకపోతే ఆ కాగితం తిరిగి ఇచ్చేయండి.

ఇంకొక చిన్న గొయ్యి: ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండవు. విడి కార్డు లేకుండా అది కొంటే తెర మీద ఏమీ రాదు. ధర కాస్త తగ్గిందని మురిసిపోయి ఇంటికి తెచ్చుకున్న మిత్రుడొకడు మర్నాడు మళ్లీ షాపు మెట్లెక్కాడు.

మేం బిగించిన రోజు

నేనూ మేనల్లుడూ ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి మొదలుపెట్టాం. చేతిలో ఉన్నది ఒక్క స్టార్ స్క్రూడ్రైవర్. మన దగ్గర మొత్తం డబ్బానే సీపీయూ అంటాం కదా, అసలు సీపీయూ బిస్కెట్టంత ఉంటుందని అక్క ఆ రోజే చూసింది. "దీనికా ఇంత డబ్బు?" అంది.

భయపెట్టింది రెండు సార్లే. ప్రాసెసర్ పెట్టి పక్కనున్న లివర్ కిందికి నొక్కేటప్పుడు కిర్రుమని చప్పుడొచ్చింది, నల్ల ప్లాస్టిక్ మూత టక్కున ఎగిరిపడింది. విరిగిందనే అనుకున్నాం. అది అలాగే ఊడాలట. రెండోది, అన్నీ బిగించి స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగానే ఉంది. మదర్‌బోర్డు మీద డీర్యామ్ అని రాసిన చోట చిన్న పసుపు లైటు వెలిగి ఆరడం లేదు. నిమిషం, రెండు, మూడు. "మామయ్యా, పోయిందా?" అన్నాడు వాడు. గొంతులో తడి లేదు. నాకూ టెన్షనే, చెప్పుకోలేదు. ర్యామ్ పీకి మళ్లీ పెడదామని చెయ్యి వేయబోతుండగా తెర వెలిగింది. ఈ రైజెన్ కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌తో పొత్తు సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. ఆ సంగతి మాన్యువల్‌లో ఉంది, మేం చదవలేదు.

ఆ నాలుగు గంటల్లో వాడు నేర్చుకున్నది తర్వాత పనికొచ్చింది. నవంబరులో ఎస్ఎస్‌డీ మొరాయిస్తే ఎవర్నీ పిలవలేదు. తనే ఊడదీసి, డబ్బా మీది సీరియల్ నంబరు, బిల్లు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లాడు. ఐదేళ్ల వారంటీ ఉంది, రెండు వారాల్లో కొత్తది ఇచ్చారు. అందులోని ప్రాజెక్టులు మాత్రం తిరిగి రాలేదు. వారంటీ ముక్కకే గానీ మన ఫైళ్లకు ఉండదు, ఏ దారిన కొన్నా.

పాడైన రోజు

విడిభాగాల వారంటీ కాగితం మీద పెద్దగా ఉంటుంది. ప్రాసెసర్‌కి మూడేళ్లు, బోర్డుకి మూడేళ్లు, మంచి ఎస్ఎంపీఎస్‌కి ఐదు, ఏడు, కొన్నింటికి పదేళ్లు. కానీ ఒక్కోదానికి ఒక్కో సర్వీస్ సెంటర్. పోయింది ఏ ముక్కో కనిపెట్టాల్సిందీ మనమే, మోసుకెళ్లాల్సిందీ మనమే. హైదరాబాదులో ఉన్నవాడికి అది ఒక పూట పని. నరసరావుపేటలో ఎరువుల దుకాణం వదిలి బాబాయి ఆ పని మీద తిరగలేడు. ఆయన కొత్త సిస్టమ్‌కి ఆగస్టులో మదర్‌బోర్డు పోయింది. టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేసి, వాళ్లడిగిన ప్రశ్నలన్నిటికీ రెండు మూడుసార్లు జవాబులు చెప్పాక, మూడో రోజు ఇంజనీరు దుకాణానికే వచ్చి బోర్డు మార్చి వెళ్లాడు. ఎక్కువ పెట్టిన నాలుగు వేలూ అక్కడ వసూలయ్యాయి. అయితే పాత సిస్టమ్ అనుభవం మర్చిపోకూడదు: ఆన్‌సైట్ వారంటీ ఉన్నన్నాళ్లే బ్రాండెడ్‌కి ఆ గౌరవం. కొనేటప్పుడే మూడేళ్లది తీసుకోవాలి, ఏడాదిది ఇస్తే మిగతా రెండేళ్లూ డబ్బు కట్టి కలుపుకోవాలి.

షాపులో కట్టించుకునే మధ్య దారి ఈ విషయంలో పూర్తిగా షాపతని మీద ఆధారపడి ఉంటుంది. మీ ఊళ్లోనే పదేళ్లుగా అదే మెట్ల కింద కూర్చునే మనిషి, ఫోన్ చేస్తే సాయంత్రానికి బండేసుకొచ్చే మనిషి ఉంటే బ్రాండెడ్ కన్నా అతనే నయం. అలాంటి మనిషి లేకపోతే ఆ దారిలో రెండు వైపుల నష్టాలూ ఉంటాయి. ఎలాగైనా బాక్సులు మీ ఎదురుగానే విప్పించండి, సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు తీసుకోండి, ఖాళీ డబ్బాలు అటక మీద పెట్టండి. బిల్లు వద్దంటే రెండు వేలు తగ్గిస్తానంటే ఒప్పుకోవద్దు.

ముందు ముందు మార్పులు చేసుకోవాలనుకునేవాళ్లకు విడిభాగాలే దారి. ఏఎం5 సాకెట్‌ని 2027 తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది, అంటే బోర్డు అలాగే ఉంచి ప్రాసెసర్ మార్చుకునే వీలుంది. బాబాయికి ఈ గోలతో పని లేదు, ఆయన సిస్టమ్ మారేది అది పూర్తిగా మొరాయించినప్పుడే.

ఇక ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు చవకగా దొరుకుతాయి. వాటిలో ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందువి వద్దు. విండోస్ 11 వాటికి అధికారికంగా ఎక్కదు, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది.

మొన్న సంక్రాంతికి అందరం నరసరావుపేటలో కలిశాం. మేనల్లుడు బాబాయి సిస్టమ్ మూత తీసి లోపల దుమ్ము ఊదుతూ, "తాతయ్యా, ఈసారి కొనేటప్పుడు నాకు చెప్పు, దీనికన్నా మంచిది నేను బిగించి ఇస్తా" అన్నాడు. బాబాయి బిల్లు బుక్కు లోంచి తలెత్తలేదు. "బిగించు గానీ, ఖరీఫ్‌లో ఆగిపోతే రాత్రి బస్సెక్కి నువ్వే రావాలి మరి" అన్నాడు. వాడు మూత బిగించడం మొదలుపెట్టాడు.