చెరువు గట్ల మీద స్టీల్ హార్డ్‌టెయిల్: ముందు షాక్ తీసేశాకే సుఖం

స్టీల్ హార్డ్‌టెయిల్, అంటే వెనక షాక్ లేని స్టీల్ ఫ్రేము మౌంటెన్ సైకిలు, కొనాలనుకుంటున్నారా? మీరు తొక్కేదంతా చదును నేలే అయితే ముందు చక్రానికి సస్పెన్షన్ ఫోర్క్ (కుదుపుకి దిగి లేచే షాక్ ఉన్నది) వద్దు. నాలుగేళ్ళకు పైగా వాడాక నేను గట్టిగా చెప్పగలిగింది ఇదొక్కటే. గేర్లు, బ్రేకులు, చక్రాల సైజు గురించి అందరూ చెప్పేవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను.

నేను తొక్కేది భీమవరం చుట్టుపక్కల. ఉండి, కాళ్ళ, ఆకివీడు వైపు చేపల చెరువుల గట్లు, కాలవ గట్లు. కనుచూపు మేరలో ఒక్క గుట్ట ఉండదు. అలాగని నేల నున్నగానూ ఉండదు. వానల్లో ట్రాక్టరు పోయిన చాళ్ళు, గేదెల డెక్కలు దిగబడిన గుంటలు ఎండితే అలాగే గట్టిపడిపోతాయి. దానికితోడు సాయంత్రం సముద్రం వైపు తిరిగితే ఎదురుగాలి. నా బండి 4130 క్రోమోలీ అనే ఉక్కు ఫ్రేము, లోపలి గాలే స్ప్రింగులా పనిచేస్తూ 100 మిల్లీమీటర్ల దాకా దిగే ఎయిర్ ఫోర్క్‌తో వచ్చింది. మొదటి ఏడాది ఏ ఇబ్బందీ పెట్టలేదు.

రెండో వానాకాలం వెళ్ళాక మొదలైంది. ఫోర్క్ నున్నటి గొట్టాల మీద సన్నగా నూనె గీత కనబడేది. గుడ్డతో తుడిస్తే మర్నాటికి మళ్ళీ ఉండేది. మా నల్లమట్టి పొడిగా ఉన్నప్పుడు పిండిలా లేస్తుంది, తడిస్తే బంకలా అంటుకుంటుంది. ఆ నూనెకి ఈ మట్టి తోడై సీలు దగ్గర ముద్దలా పేరుకునేది. వేలితో రాస్తే గరగరమనేది. కొన్నాళ్ళకి గాలి కూడా నిలవడం మానేసింది. ఇంట్లో పంపు కొట్టుకుని బయల్దేరితే ఆకివీడు చేరేసరికి బండి ముందుకి వంగిపోయేది. బ్రేకు పట్టినప్పుడల్లా దిగడమే గాని లేవడం లేదు.

చుట్టుపక్కల దీన్ని విప్పి బాగుచేసేవాళ్ళు దొరకలేదు. విప్పి బస్సు పార్సిల్‌లో హైదరాబాద్ పంపాను. సీల్ కిట్ రావాలన్నారు. వారాల తరబడి బండి గోడకి ఆనించే ఉంది. తిరిగొచ్చిన ఫోర్క్ మళ్ళీ వానలొచ్చేదాకా బాగుంది, ఆ తర్వాత అదే కథ. ఈసారి గొట్టం మీది రంగు పూత అరిగిపోయి తెల్లగా లోహం బయటపడింది. పై భాగమంతా మార్చాలట, ఖర్చు కొత్త ఫోర్క్‌కి దగ్గర దగ్గర. అసలు ఇలాంటి ఫోర్కులు చాలావాటికి 50 గంటలకోసారి కింది గొట్టాలు విప్పి నూనె మార్చమని మాన్యువల్లోనే ఉంటుంది. రోజుకి గంట తొక్కేవాడికి అది రెండు నెలలైనా తిరక్కుండానే వస్తుంది. మా ఊళ్ళో ఆ పని ఎవరు చేస్తారు?

అప్పుడు స్టీల్ రిజిడ్ ఫోర్క్, అంటే షాక్ లేకుండా అసలు దిగనిది, తెప్పించాను. బిగించిన మెకానిక్ పాతదాన్ని చేత్తో బరువు చూసి, "ఇంత బరువు ఇన్నాళ్ళూ మోశారాండీ!" అన్నాడు. కిలోకి అటూ ఇటూగా బరువు తగ్గింది. దానికన్నా నన్ను సంతోషపెట్టింది ఎదురుగాలిలో లేచి నిలబడి తొక్కినప్పటి తేడా. ముందు చక్రం దగ్గర ఊగులాట లేదు, తొక్కిన ప్రతి తొక్కూ ముందుకే పోతోంది. షాక్ ఫోర్క్‌కే దిగకుండా బిగించే లాకౌట్ మీట వేసుకోవచ్చు కదా అంటారు. నేనూ ముక్కాలు మువ్వీసం లాకౌట్‌తోనే తొక్కేవాణ్ణి. ఎప్పుడూ లాక్ చేసి ఉంచేదానికి అంత బరువూ, అంత ఖర్చూ ఎందుకు? చాళ్ళ అంచు మీద కూడా హ్యాండిల్ ఎటు తిప్పితే అటే పోతోంది.

మార్చేటప్పుడు ఒక కొలత బాగా చూసుకోండి. ఇరుసు నుంచి ఫోర్క్ భుజం (ఫ్రేముకి ఆనే చోటు) దాకా ఉండే పొడవు. నా పాత ఫోర్క్‌ది 500 మిల్లీమీటర్ల పైచిలుకు. మనిషి కూర్చుంటే కాస్త దిగుతుంది కాబట్టి 480 ఉన్నది తీసుకున్నాను, సరిగ్గా సరిపోయింది. చవకగా దొరికిందని 430 పొడవున్నది పెడితే హ్యాండిల్ కిందికి దిగిపోతుంది, పెడళ్ళు గట్టు అంచుకి తగులుతాయి. పొడవులో ప్రతి 20 మిల్లీమీటర్లకీ ముందు ఫోర్క్ వాలు కోణం ఇంచుమించు ఒక డిగ్రీ మారుతుంది. ముందు చక్రం నడిమి హబ్ 110 మిల్లీమీటర్ల వెడల్పుండే బూస్ట్ రకం అయితే ఫోర్క్ కూడా అదే వెడల్పుది, 15 మిల్లీమీటర్ల ఇరుసుది కావాలి.

ఇక స్టీల్ సంగతి. అదురు మింగేస్తుందని మొదట్లో అడిగినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత ధీమాగా చెప్పను. టైర్లలో 35 పీఎస్ఐ గాలి కొట్టిన రోజు ఆ మెత్తదనం ఎక్కడా కనబడలేదు. ముందు 2.4 అంగుళాల టైరు వేసి 20 పీఎస్ఐ దగ్గర ఉంచితే హాయిగా ఉంది. కాబట్టి సుఖంలో పెద్ద వాటా టైరుదే. పైగా మాది రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళ ప్రాంతం. వానాకాలం అయ్యాక సీట్ పోస్ట్ తీసి బండి తలకిందులు చేస్తే లోపలి నుంచి తుప్పు రంగు నీళ్ళు కారాయి. అప్పటినుంచి ఏటా లోపల తుప్పు పట్టకుండా నూనె కొట్టి, పోస్టుకి గ్రీజు పూసి పెడుతున్నాను. పెడళ్ళ దగ్గర అడుగున నీళ్ళు పోయే చిల్లు ఉంటే మట్టి పూడకుండా చూసుకోవాలి. ఇంత శ్రద్ధ పెట్టలేనివాళ్ళకి అల్యూమినియమే మేలేమో.

ఇదంతా 70 కిలోల మనిషి, ఒక్కడే, తన వేగాన తాను గట్ల మీద తొక్కుతూ చెబుతున్న మాట. కంకర పరిచిన కొత్త రోడ్డు మీద అరగంట దాటితే నాకూ అరచేతులు జివ్వుమంటాయి. సెలవులకి అరకు వైపు కొండ దారులు తొక్కే అలవాటుంటే ఫోర్క్ ఉంచుకోవాలి. మణికట్టు నొప్పులున్నవాళ్ళు డబ్బు పెట్టేముందు ఎవరిదైనా రిజిడ్ బండి అడిగి, ఒక పూట తాము రోజూ తిరిగే దారిలోనే తొక్కి చూడండి.