గోరు తీయించుకోవాలంటే ఏది మేలు: సర్కారు దవాఖానా, నర్సింగ్ హోమా, ఇన్సూరెన్సా?

కాలి బొటనవేలి గోరు అంచు కండలోకి దిగి చీము పట్టిందంటే చెప్పు కూడా వేసుకోలేం. నాట్ల కాలంలో బురదలో దిగేవాళ్లకు, మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లకు ఇక పని సాగదు. నిజానికి చికిత్స చిన్నదే. వేలి మొదట్లో మత్తు సూది ఇచ్చి, లోపలికి దిగిన అంచును కోసి తీస్తారు. బిల్లు మాత్రం ఒక్కోసారి గోరుచుట్టు మీద రోకటి పోటులా ఉంటుంది.

నన్నడిగితే ముందు సర్కారు దవాఖానకే పొమ్మంటాను. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో మెడికల్ కాలేజీల జనరల్ ఆస్పత్రులు ఉన్నాయి. సర్జరీ ఓపీలో చూపించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకైతే ఇదే మేలు, పరీక్షలూ సర్జనూ ఒక్కచోటే దొరుకుతారు. జేబుకు భారం ఉండదు కానీ లైన్‌లో రోజు పోతుంది. కూలికి పోయేవాళ్లు ఆ రోజు కూలిని కూడా లెక్కలో వేసుకోవాలి.

ఆగలేనివాళ్లకు నర్సింగ్ హోమ్ ఉంది. అక్కడ "అన్నీ కలిపి ఇంత" అనే ప్యాకేజీ కంటే విడివిడిగా రాసిన బిల్లే నాకు నచ్చుతుంది. ప్యాకేజీలో మందులు, డ్రెస్సింగులు కలిశాయో లేదో ముందు తెలియదు, అడిగేసరికి ఆలస్యమవుతుంది. విడి బిల్లు ఉంటే ప్రశ్నించవచ్చు. మత్తు సూది సర్జనే ఇస్తే మత్తు డాక్టర్ ఫీజు ఎందుకు? మైనర్ ఓటీ, ప్రొసీజర్ రూమ్ అని ఒకే గదికి రెండు చార్జీలు ఎందుకు? ఇలాంటి చికిత్స మీద జీఎస్టీ కూడా ఉండదు. అడగడానికి మొహమాటపడొద్దు, అది మన హక్కు.

జేబుకు అసలు కన్నం డ్రెస్సింగ్ దగ్గర పడుతుంది. పుండు మానేదాకా వెళ్లిన ప్రతిసారీ చార్జీ కడితే అసలు చికిత్స కంటే అదే ఎక్కువ కావచ్చు. గోరు ఎక్కడ తీయించుకున్నా, డాక్టర్ రాసిన చీటీ పట్టుకుని డ్రెస్సింగ్‌కు ఊళ్లోని పీహెచ్‌సీకో పల్లె దవాఖానకో వెళ్లండి. బస్సు చార్జీ కూడా మిగులుతుంది.

ఇక హైదరాబాద్ వెళ్లి ఇన్సూరెన్స్‌లో చేయించుకుందామనే ఆలోచన నాకు అస్సలు నచ్చదు. మామూలు పాలసీలు 24 గంటల అడ్మిషన్‌కో, అడ్మిట్ చేసుకుని అదే రోజు ఇంటికి పంపే డే కేర్ చికిత్సకో డబ్బిస్తాయి. ఓపీలో జరిగిపోయే పనిని డే కేర్ కింద లెక్కించరు. క్లెయిమ్ కోసం ఉత్తినే అడ్మిట్ అవ్వమని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అది తప్పుడు క్లెయిమ్ అవుతుంది, పాలసీయే రద్దు కావచ్చు. పాలసీలో ఓపీ కవర్ ఉంటే అది వేరే మాట. అప్పుడు చీటీ, బిల్లు, రసీదు మూడూ దాచుకోండి.

ఎక్కడ చేయించుకున్నా ఒక్కటి అడగాలి: తీసిన అంచు మళ్లీ పెరగకుండా గోరు వేరు దగ్గర ఫీనాల్ అనే మందు పెడతారా? అంచు తీసి ఊరుకుంటే మళ్లీ లోపలికి పెరిగే అవకాశం ఎక్కువ. బిల్లులో ఆ ఒక్క పద్దు పెరిగినా నేను కాదనను.