వుడీ గత్రీ పాటకు ఎవరి మేలు ఎక్కువ: పాడిన కొడుకుదా, పెట్టెలు తెరిచిన కూతురిదా?

అమెరికాలో ఉన్న మన పిల్లలు బడి నుంచి నేర్చుకొచ్చే పాటల్లో 'దిస్ లాండ్ ఈజ్ యువర్ లాండ్' ఒకటి. అది రాసిన వుడీ గత్రీ 1912లో ఓక్లహోమాలోని ఒకీమా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. దుమ్ము తుపాన్లకు బతుకు చెడి కాలిఫోర్నియా దారి పట్టిన కుటుంబాల కష్టాన్ని పాటలుగా కట్టాడు. 1967 అక్టోబర్ 3న న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రిలో కన్నుమూశాడు. అప్పటికి 55 ఏళ్లే. హంటింగ్టన్ అనే నరాల వ్యాధి ముందు ఆయన చేతుల్లోంచి గిటార్‌ను లాక్కుంది, తర్వాత మాటను కూడా.

ఇక ఆ పాటలను నిలబెట్టే పని ఇంట్లోవాళ్ల మీద పడింది. కొడుకు ఆర్లో పాడాడు. కూతురు నోరా నాన్న కాగితాలు పట్టుకుంది. ఇద్దరిలో ఎవరి పని గొప్పది అంటే నా ఓటు నోరాకే. అయితే ఆర్లో గురించి ముందు చెప్పకపోతే అన్యాయం.

ఆర్లో 1947లో పుట్టాడు. తను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన నాన్న తనను పెరట్లో కూర్చోబెట్టుకుని, ఆ పాటలో ఎవరూ పాడని చరణాలు నేర్పాడని చెబుతుంటాడు. ఒక చరణంలో 'ప్రైవేటు ఆస్తి' అని రాసిన బోర్డు దారికి అడ్డం వస్తుంది. ఇంకో చరణంలో ఆకలితో ఉన్న జనం సాయం కోసం ఆఫీసు ముందు నిలబడి ఉంటారు. బడి పుస్తకాల్లోకి ఎక్కేసరికి ఇవి రాలిపోయాయి. తను పోతే ఈ చరణాలు కూడా పోతాయని ఆ తండ్రి భయం. ఆ పెరటిని తలచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. వేళ్లు చెప్పిన మాట వినని మనిషి, గిటార్ ఇంకా సరిగ్గా పట్టడం రాని పిల్లాడికి తన పాటలో దాగిన సగాన్ని అప్పజెబుతున్నాడు. 2009 జనవరి 18న, ఒబామా ప్రమాణస్వీకార ఉత్సవాల్లో, లింకన్ మెమోరియల్ ముందు గాయకులు పీట్ సీగర్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఆ చరణాలతో సహా పాడారు.

కానీ ఆర్లోకు తనదైన దారి ఉంది. 1967లో వచ్చిన 18 నిమిషాల పైచిలుకు 'ఆలిసెస్ రెస్టారెంట్' పాటతోనే అతనికి పేరొచ్చింది. అమెరికాలో చాలా రేడియో స్టేషన్లు ఇప్పటికీ థాంక్స్‌గివింగ్ రోజు దాన్ని వేస్తాయి. అది ఆర్లో సంపాదన, నాన్న ఆస్తి కాదు. నాన్న పాటలు పాడినప్పుడు కూడా ఎక్కువగా జనానికి తెలిసినవే పాడాడు. వేదిక మీద పాడేవాడి కష్టం అదే, జనం అడిగేది తెలిసిన పాటే కదా.

నోరా సంగతి వేరు. ఆమె అమ్మలాగే నాట్యకారిణి. 1990ల మొదట్లో నాన్న కాగితాల పెట్టెలు తెరిచి సర్దడం మొదలుపెట్టింది. వాటిలో బాణీ లేని పాటలు దాదాపు 3,000 ఉన్నాయి. సినిమా తార ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్ మీద రాసిన ప్రేమ పాట కూడా ఉంది! దుమ్ము, కూలీలు, సమ్మెలు తప్ప వుడీలో ఇంకేమీ లేదనుకున్నవాళ్లకు ఆ ఒక్క కాగితం చాలు.

కాగితం ఎంత చెబుతుందో 'దిస్ లాండ్' రాతప్రతిలోనే చూడొచ్చు. ప్రతి చరణం చివర మొదట 'దేవుడు నా కోసం అమెరికాను దీవించాడు' అన్న అర్థంలో రాసి, తర్వాత కొట్టేశాడు. రేడియోలో పదే పదే వచ్చే 'గాడ్ బ్లెస్ అమెరికా' అనే దేశభక్తి పాట మీద చిరాకుతో పుట్టిన పాట అని ఆ కొట్టివేతే చెబుతుంది. అడుగున 1940 ఫిబ్రవరి 23 తేదీ, తను దిగిన హోటల్ పేరు, కళ్లతో చూసిందే రాయగలం అనే ఒక ముక్క. పెరట్లో ఆర్లో నేర్చుకున్న బోర్డు చరణం కూడా ఆ కాగితం మీద ఉంది. అంటే ఆర్లో నేర్చుకోకపోయినా అది దొరికేది. మిగతా 3,000 పాటలు మాత్రం నోరా పెట్టెలు తెరవకపోతే ఎవరికీ దొరికేవి కావు.

ఆ పాటల్లో కొన్నిటిని నోరా ఇంగ్లండ్ గాయకుడు బిల్లీ బ్రాగ్ చేతిలో పెట్టింది. అతను షికాగో బ్యాండ్ విల్కోను కలుపుకున్నాడు. 1998లో 'మెర్మెయిడ్ అవెన్యూ' ఆల్బమ్ వచ్చింది. అది బ్రూక్లిన్‌లో గత్రీ కుటుంబం ఉన్న వీధి పేరు. నాలుగేళ్ల కూతురు క్యాథీని అగ్నిప్రమాదంలో పోగొట్టుకున్నదీ అక్కడే.

బాణీ వేరేవాళ్లదైతే అది వుడీ పాట ఎలా అవుతుందని కొందరు అడుగుతారు. ఆయన బాణీలు మాత్రం ఎక్కడివి? చాలావరకు పాత భక్తిగీతాలవీ, జానపదాలవీ. 'దిస్ లాండ్' బాణీ కార్టర్ ఫ్యామిలీ అనే జానపద బృందం పాడిన పాటది. ఆయన సొంతమైనది మాటే. మనకిది కొత్త కాదు. అన్నమయ్య రేకుల మీద రాగం పేరుంది, బాణీ లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు స్వరపరిస్తేనే ఎన్నో కీర్తనలు మన చెవిన పడ్డాయి.

వీళ్లిద్దరి పక్కన తూకం వేయలేని మనిషి ఇంకొకరున్నారు, వాళ్లమ్మ మార్జరీ. వుడీ 1956 నుంచి 1961 దాకా న్యూజెర్సీలోని గ్రేస్టోన్ పార్క్ ఆసుపత్రిలో ఉన్నాడు. తెలుగువాళ్లు బాగా ఉండే పార్సిపనీ దగ్గరే. పిల్లలు నాన్నను కలిసేది బయట పచ్చికలో, చెట్టు కింద. వుడీ తల్లినీ, మొదటి భార్యకు పుట్టిన కూతుళ్లు ఇద్దరినీ తీసుకెళ్లింది కూడా ఆ హంటింగ్టన్ జబ్బే. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. వుడీ పోయిన 1967లోనే మార్జరీ ఆ జబ్బు మీద పోరాడే సంఘం పెట్టింది. దానికి కారణమైన జన్యువు 1993లో దొరికింది.

వినాలనుకుంటే ముందు వుడీ గొంతులో 1940 నాటి 'డస్ట్ బౌల్ బాలడ్స్' వినండి, గరుకుగా ఉంటుంది, ఓపిక పట్టండి. వెంటనే 'మెర్మెయిడ్ అవెన్యూ'లో 'కాలిఫోర్నియా స్టార్స్' వేయండి. మొదటిదాంట్లో కాలిఫోర్నియా అంటే ఎంతో దూరం నుంచి చేరినా చేతిలో డబ్బుల్లేనివాళ్లను రానివ్వని చోటు. రెండోదాంట్లో అలసిన మనిషి నక్షత్రాలను పరుపుగా పరుచుకుని పడుకోవాలనుకునే చోటు. ఆ రెండో కాలిఫోర్నియా అన్నేళ్లూ పెట్టెలోనే ఉండిపోయింది.