వానపాముల డబ్బా, అయిదేళ్ళు వాడాక

డబ్బా కొన్నది 2020 ఆగస్టులో. లాక్‌డౌన్‌లో అందరూ కుక్కర్లో కేకులు చేస్తుంటే నాకు ఈ పిచ్చి పట్టుకుంది. మాది పాలకొల్లు, సొంతిల్లు, వెనకాల రెండు కొబ్బరిచెట్లు, కరివేపాకు, ఒక మల్లెపొద, కాస్త పెరడు ఉంది కదా, వంటింటి చెత్త బయట పారెయ్యడమెందుకు ఎరువు చేసుకుందాం అని ఆన్‌లైన్లో తెప్పించా. కంపెనీ పేరు చెప్పను. మూడు ట్రేలు ఒకదాని మీద ఒకటి, అడుగున తొట్టి, దానికో కుళాయి, పైన మూత, చూట్టానికి భలే ముద్దుగా ఉంది, మూడు వేల పైన వదిలింది. ఇప్పటి దాకా ఎందుకు రాయలేదంటే మొదటి ఏడాది రాసుంటే తిట్టేదాన్ని, రెండో ఏడాది రాసుంటే తెగ పొగిడేదాన్ని. ఇప్పుడు చెప్తున్నా, డబ్బాకి రెండు స్టార్లు, ఎర్రలకి అయిదు, నాకు మూడు.

ఎర్రలంటే వానపాములేనండి, మా వైపు అలాగే అంటాం, గాలానికి గుచ్చేవి. అవే ఇవీ అనుకుని పక్కింటి పిల్లలు కాలవ గట్టున తవ్వి కొబ్బరి చిప్పడు ఎర్రలు తెచ్చి నా డబ్బాలో వేశారు పాపం, వారం తిరక్కుండా ఒక్కటీ లేదు. అవి మట్టిలో బొరియ చేసుకుని బతికే రకం, వంటింటి చెత్తలో ఇమడవు. కంపోస్టుకి పనికొచ్చేవి పైపైన కుళ్ళే ఆకుల్లో, పేడలో ఉండేవి. నేను మొదట తెప్పించినవి ఐసీనియా ఫెటిడా, సన్నగా ఎర్రగా ఒంటి మీద చారలుంటాయి, అరకిలో కొరియర్లో వచ్చాయి, సంచి విప్పేసరికి మూడో వంతు చచ్చి ఒకటే కంపు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే మీరే లేటుగా విప్పుంటారు మేడమ్ అన్నాడు. మిగిలినవి బతికి పిల్లల్ని పెట్టాయి గానీ 2021 మే నెల దాటలేకపోయాయి. ఆ తర్వాత మా ఊరికి దగ్గర్లో గేదెలున్న ఒకాయన పేడ గుంటల్లో పెంచుతుంటే ఆయన దగ్గర యూడ్రిలస్ రకం తెచ్చుకున్నా, లావుగా, వంకాయ రంగులో నిగనిగలాడుతూ జానెడు సాగుతాయి. వేడిని ఇవే బాగా ఓర్చుకుంటాయి. చలికి మాత్రం పనికిరావంట, మనకి చలెక్కడుంది లెండి.

ఇప్పుడు అసలు తప్పు చెప్తా, అందరూ చేసేదే. వాటికి అన్నీ కుదిరితే రోజుకి వాటి బరువులో సగం తింటాయి, అంటే అరకిలో ఎర్రలకి పావుకిలో చెత్త, అదీ అలవాటు పడ్డాక. మేం అయిదుగురం, ఆనపకాయ చెక్కూ బీరకాయ తొక్కూ అరటితొక్కలూ గట్రా కలిపితే రోజుకి కిలో పైనే తేలుతుంది. నేను ఆ లెక్కేం చూసుకోకుండా తింటాయిలే అని మొత్తం తెచ్చి కుమ్మరించేదాన్ని. పది రోజులు బానే ఉంది. పన్నెండో రోజో ఎప్పుడో తెల్లారగట్ల నీళ్ళు పట్టడానికి లేచి వెనక వసారాలో లైటెయ్యకుండా నడిచా, కాలికింద ఏదో మెత్తగా తగిలింది. లైటేస్తే గచ్చు నిండా ఎర్రలు, గోడ మీద కూడా, గడప సందులో కూడా. మూత ఎత్తితే దాని లోపలి వైపు ఉడకబెట్టిన సేమ్యా అతికించినట్టు వేళ్ళాడుతున్నాయి, లోపల్నుంచి వేడి ఆవిరి, పుల్లటి కంపు. చెయ్యి పెడితే నిజంగా కాలింది. పచ్చి చెత్త ఎక్కువై పేడకుప్ప వేడెక్కినట్టు వేడెక్కింది, గాలాడక పులిసింది, అవి ప్రాణం దక్కించుకోవడానికి బయటికొచ్చాయి. మా అత్తయ్యగారు వెనకాల నిలబడి "ఏంటమ్మా ఇది, శ్రావణమాసం పూటా ఇల్లంతా పురుగులు" అన్నారు. చీపురుతో కాకుండా చేత్తో ఒక్కొక్కటీ ఏరా, గంటన్నర పట్టింది.

అప్పట్నుంచి నేర్చుకున్నది ఒకటే, తక్కువ పెట్టడం. ఆకలితో చచ్చిన ఎర్రని నేను ఇంతవరకూ చూళ్ళేదు, తిండి ఎక్కువై చచ్చినవి వేలల్లో చూశా. వాటికి పళ్ళుండవు, మనం వేసిన తొక్కని కొరకలేవు, అది మెత్తబడి సూక్ష్మజీవులు పట్టాక ఆ గుజ్జుని సూక్ష్మజీవులతో సహా పీల్చుకుంటాయి. అందుకని ఇవాళ వేసింది ఇవాళే తినవు. నా పద్ధతి ఏంటంటే వారానికి రెండుసార్లు, డబ్బాని మనసులో నాలుగు మూలలు చేసుకుని ఒక్కోసారి ఒక్కో మూల గుప్పెడు గొయ్యి తీసి పూడ్చెయ్యడం, పైన కొబ్బరిపొట్టు కప్పడం. నాలుగో మూలకి వెళ్ళేసరికి మొదటి మూలలో ఏమీ మిగలకూడదు, మిగిలితే ఆ వారం తిండి బంద్. మిగతా చెత్త అంతా కొబ్బరిచెట్టు మొదట్లో గోతిలోకే పోతుంది ఇప్పటికీ, అన్నీ ఎర్రలే తినాలని రూలేం లేదుగా.

వాటికి బాగా ఇష్టమైంది పుచ్చకాయ తొక్క, లోపలి తెల్ల కండ ఉన్న వైపు కిందకి పెట్టి బోర్లిస్తే రెండ్రోజులకి ఎత్తి చూడండి, కింద చుట్టలు చుట్టుకుని ముద్దగా ఉంటాయి, పచ్చటి పైపెచ్చు ఒక్కటే పల్చగా కాగితంలా మిగుల్తుంది. తర్వాత అరటితొక్క, మాకు చక్కెరకేళికీ కర్పూరానికీ లోటేముంది, రావులపాలెం మార్కెట్టు దగ్గరే. అయితే అరటితొక్క అలాగే వేస్తే చిన్న ఈగలు లేస్తాయి, దాని మీద ముందే గుడ్లుంటాయి. ముక్కలు చేసి ఒక రోజు ఫ్రీజర్లో పెట్టి తీస్తే గుడ్లూ చస్తాయి, తొక్కా మెత్తబడి తొందరగా తినేస్తాయి. దీనికి మా ఇంట్లో పెద్ద గొడవే అయ్యింది, తిండి పెట్టుకునే ఫ్రిజ్జులో చెత్తేంటే అని. మూతున్న డబ్బాలో పెట్టి "ఇది కోడలి చెత్త" అని చీటీ అంటించాక సద్దుమణిగింది. టీ పొడి వెయ్యొచ్చు, పాలూ చక్కెరా పోయేలా ఒకసారి కడిగితే చాలు, లేకపోతే చీమలు. కోడిగుడ్డు పెంకులు ఎండబెట్టి మిక్సీలో పొడి చేసి పదిహేను రోజులకోసారి ఒక చెంచాడు, అది పులుపు తగ్గిస్తుంది, పైగా వాటి కడుపులో తిండి నలగడానికి ఇసకలా పనికొస్తుంది.

వెయ్యకూడనివి, నిమ్మచెక్కలు, ఉల్లి తొక్కలు ఎక్కువగా, పచ్చిమిర్చి, ఉప్పూ నూనే తగిలిన కూరలు, ఆవకాయ టెంకలు అసలే వద్దు. అన్నం కొంచెమైతే పర్లేదంటారు గానీ నేను వెయ్యను, పులుస్తుంది. 2022లో ఒకసారి పులిసిపోయిన ఇడ్లీ పిండి గిన్నెడు పారబొయ్యబుద్ధి కాక పోశాను, పప్పు కదా బలం అనుకున్నా. మూడో రోజు చూస్తే ఎర్రల ఒళ్ళు అక్కడక్కడ ఉబ్బి, మధ్యలో దారం కట్టి నొక్కినట్టు, పూసలదండలా అయిపోయాయి, తాకితే తెగిపోతున్నాయి. మాంసకృత్తులు ఎక్కువైతే ఇలాగే అవుతుందని తర్వాత తెలిసింది. చేసేదేం లేదు, ఆ భాగమంతా తోడి బయట పోసి, కొత్త కొబ్బరిపొట్టూ గుడ్డుపెంకుల పొడీ వేసి, బాగున్నవాటిని అందులోకి మార్చా, సగం మిగిలాయి. ఇంకోసారి నేను ఊళ్ళో లేనప్పుడు అత్తయ్యగారు మంచి మనసుతోనే రొయ్య తలకాయలు వేశారు, "పాదుకి వేస్తే ఎంత బాగా కాస్తుందో నీకు తెలీదు" అని. పాదుకి కాస్తుంది అత్తయ్యా, డబ్బాలో కాయదు. ఆ రాత్రే పందికొక్కు వచ్చి మూత తోసేసి ట్రే మొత్తం తవ్వి పోసింది.

డబ్బా సంగతి. అమ్మేటప్పుడు చెప్పే పెద్ద గొప్ప ఏంటంటే కింద ట్రే నిండాక పైన ఇంకో ట్రే పెట్టి అందులో తిండి వేస్తే ఎర్రలన్నీ చిల్లుల్లోంచి వాటంతటవే పైకెళ్ళిపోతాయి, కింద ఎరువు తీసుకోవడమే అని. నాకు ఆర్నెల్లు వెళ్ళలేదు. కారణం ఏంటంటే కింద ఎరువు దిగి అణిగిపోయాక పై ట్రే అడుక్కీ దానికీ మధ్య నాలుగు వేళ్ళ ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలో నిచ్చెన వేసుకుని ఎక్కవు కదా అవి. పై ట్రే అడుగు కింద ఎరువుకి ఆనేలా నింపాలి, ఆ ముక్క డబ్బాతో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. రెండోది ఎండ. ప్లాస్టిక్కు నీడలో ఉన్నా కాగుతుంది, రోహిణి కార్తెలో మధ్యాహ్నం థర్మామీటరు గుచ్చితే 38 చూపించింది, 35 దాటితే ఐసీనియాకి గండమే. తడి గోనెసంచి కప్పా, వాటర్ బాటిల్లో నీళ్ళు గడ్డకట్టించి లోపల పెట్టా, బాటిల్ చుట్టూ చేరి పడుకునేవి పాపం. కరెంటు పోయిన రోజు అదీ లేదు.

మూడోది కుళాయి. అది ఎర్రల పెంటతో పూడిపోతుంది, నెలకోసారి పుల్ల పెట్టి పొడవాలి. నేను మర్చిపోయా. 2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుఫాను, కోతలైన చేలన్నీ మునిగి ఊరంతా ఆ బాధలో ఉంది, నాకీ డబ్బా గుర్తేలేదు. వసారాలోకి జల్లు కొట్టి మూత సందుల్లోంచి నీళ్ళు దిగి తొట్టి నిండి అడుగు ట్రే దాకా వచ్చాయి. నాలుగో రోజు తీస్తే నల్లటి చారు, వాసన చెప్పక్కర్లేదు. నీళ్ళల్లో వెంటనే చావవు అవి, కదలని నీళ్ళల్లో గాలి అయిపోయి చస్తాయి. పై ట్రేలోకి ఎక్కినవే మిగిలాయి.

దాంతో గాబుల్లోకి మారిపోయా. పాత సిమెంటు గాబులు రెండు మా పుట్టింట్లో కుడితికి వాడినవి పడున్నాయి, అడుగున రెండు చిల్లులు కొట్టించి, ఇటుకల మీద కాస్త వాలుగా పెట్టి, అడుగున కొబ్బరి పీచు, పైన కొబ్బరిపొట్టూ, మూడు వారాలు మాగిన పేడా, ఎండు అరటాకు. కొబ్బరిపొట్టు తేగానే వెయ్యకండి, రెండు మూడు నీళ్ళు పోసి రంగు నీరంతా పోయేదాకా కడగాలి, అందులో ఉప్పుంటుంది. పచ్చి పేడ కూడా వద్దు, వేడెక్కుతుంది. అదే గాబులో అయితే మే నెలలో కూడా 31 దాటలేదు, మందపు సిమెంటు కదా, పైగా కొబ్బరిచెట్ల నీడ. తడి ఎంతుండాలంటే పిడికిట్లో పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార వస్తే ఎక్కువ, అసలు రాకపోతే తక్కువ. వానాకాలంలో కోడిగుడ్ల అట్టలు చింపి వేస్తా, తడంతా అవి పీల్చేస్తాయి.

చీమలు రాకుండా డబ్బా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే వారానికి దోమపిల్లలు, మాకసలే డెంగ్యూ భయం, అందుకని ఇప్పుడు గాబు ఇటుకల చుట్టూ సబ్బు నీళ్ళే, రెండ్రోజులకోసారి మారుస్తా. చీమలొచ్చాయంటే లోపల ఎండిపోయిందని గుర్తు కూడాను. జెర్రి కనపడితే పట్టకారుతో తీసెయ్యాలి, అది ఎర్రల్ని తింటుంది. లావుగా చదునుగా బూడిద రంగులో కదిలే పురుగులు గుంపులుగా వస్తే హడలిపోకండి, అవి సోల్జర్ ఈగ పిల్లలు, ఎర్రల జోలికి రావు, తిండి మాత్రం ఊడ్చేస్తాయి. తడి తిండి తగ్గిస్తే పోతాయి. మా పక్కింటి కోళ్ళకి వాటిని ఏరి వేస్తే పండగే.

ఎరువు రెండు నెలలకి దిగుతుంది, ఒక్కో గాబుకి ఏడెనిమిది కిలోలు. తియ్యడానికి నాలుగు రోజుల ముందు నీళ్ళు ఆపేసి, గోనెపట్టా మీద వెలుతుర్లో కుప్పగా పోస్తే ఎర్రలు వెలుతురుకి భయపడి అడుక్కి దిగిపోతాయి, పైపైన చేత్తో తీసుకుంటూ రావడమే. అందులో ఆవగింజ కన్నా పెద్దగా, నిమ్మకాయ ఆకారంలో గింజల్లాంటివి కనపడితే పారెయ్యకండి, అవి వాటి గుడ్ల గూళ్ళు, తిరిగి గాబులో వేసెయ్యాలి. ఇంకోటి, కుళాయిలోంచో గాబు చిల్లుల్లోంచో కారే నీళ్ళని వర్మీవాష్, అంటే మొక్కలకి పోసే ఎర్రల ఎరువు నీళ్ళు అని అమ్మేవాళ్ళు రాస్తారు గానీ అది సగం కుళ్ళిన చెత్త ఊట. నేను అలాగే గులాబీకి పోస్తే రెండ్రోజుల్లో ఆకులు మాడిపోయాయి. ఇప్పుడు వాసన చూస్తా, పుల్లగా ఉంటే కాలవలోకే, మట్టి వాసనొస్తే పదింతల నీళ్ళు కలిపి ఆనప పాదుకి.

కొనాలా వద్దా అంటే, అపార్ట్‌మెంట్లో ఉండి వేరే దారి లేనివాళ్ళు, ఇంట్లో ఇద్దరే ఉన్నవాళ్ళు కొనుక్కోండి, బాత్రూము పక్కన చల్లటి మూల చూసి పెట్టుకోండి. పెరడున్నవాళ్ళకి ఆ డబ్బులు దండగ, రెండు సిమెంటు గాబులూ ఒక తట్ట మాగిన పేడా చాలు. ఎర్రలు మాత్రం కొరియర్లో వద్దు, దగ్గర్లో పెంచేవాళ్ళ దగ్గర పేడతో సహా తెచ్చుకోండి, ఆ పేడలోనే గుడ్ల గూళ్ళు వస్తాయి.

ఆ మూడు వేల డబ్బా పారెయ్యలేదు. ట్రేలల్లో వంగనారు పోశా, కుళాయి తొట్టిలో అత్తయ్యగారు కొబ్బరిపొట్టు కడుగుతున్నారు. పందికొక్కు వచ్చిన మర్నాటి నుంచి ఎర్రలకి తిండి పెట్టేది కూడా ఆవిడే, మూల మార్చి పెడుతున్నారు, నన్ను చెయ్యి పెట్టనివ్వట్లేదు, "నువ్వు ఎక్కువేస్తావు" అంటారు.