పెళ్లి పిలుపుకి జీబీ స్టూడియో: ఫొటోకి ఇరుకు, బిందెల ఆటకి భేష్

పెళ్లి కార్డు మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మ్యాపో, వీడియోనో రావడం మామూలైపోయింది. దాని బదులు ఐదు నిమిషాల ఆట రావాలనుకునే జంటకి, కోడింగ్ రాకపోతే, మా ఓటు జీబీ స్టూడియోకే. 2019లో వచ్చిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ పాత గేమ్ బాయ్‌కి (నింటెండోవాళ్ల చేతిలో పట్టుకుని ఆడే యంత్రం) ఆటలు తయారుచేస్తుంది, అదే ఆటని బ్రౌజర్లో ఆడేలా కూడా ఇస్తుంది. తయారీకి కంప్యూటర్ ఉండాల్సిందే. ఆడేవాళ్లకి ఫోన్ చాలు, బటన్లు తెరమీదే వస్తాయి.

అందరూ ముందు బోల్తాపడేది ఫొటో దగ్గర. తెర 160×144 పిక్సెళ్లు, అంటే 8×8 గడులు 360. మామూలు సీన్లో (ఆటలో ఒక తెర), ‘కలర్ ఓన్లీ’ మోడ్ కాకపోతే, ఒకదానితో ఒకటి పోలని గడులు 192 దాటకూడదు. ఎంగేజ్‌మెంట్ ఫొటోలో ఏ రెండు గడులూ ఒకేలా ఉండవు కాబట్టి మొహాలు చెదిరిపోతాయి. ఫొటో పెట్టి తీరాలంటే సీన్ రకాన్ని ‘లోగో’గా మార్చండి, అందులో 360 గడులూ పడతాయి. కాకపోతే ఆ సీన్లో బొమ్మలు కదలవు. అదే బరంపురం పట్టు అంచులోని గుడి గోపురాల వరస గీస్తే నాలుగైదు గడులే మళ్లీమళ్లీ వస్తాయి, తెరంతా పరిచినా లెక్క దాటదు. ఫొటో మానేసి అంచే పెట్టమంటాం, చూడ్డానికీ అదే బాగుంటుంది. కలర్ మోడ్ ఆన్ చేసి పసుపు, ఎరుపు పాలెట్లు ఇవ్వండి. లేకపోతే పెళ్లి పందిరి కూడా నాచు పట్టినట్టు ఆకుపచ్చగా కనిపిస్తుంది.

ఇక అసలు లోటు మన లిపి. ఇందులో ఫాంటు అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో 8×8 గడి. గుణింతాలు, వత్తులు కలిపే ఏర్పాటే లేదు. ఒడియాకీ ఇదే ఇబ్బంది. కాబట్టి మాటలన్నీ గింప్‌లో (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) బొమ్మగా రాసి బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టాలి. వరస ఎత్తు 16 పిక్సెళ్లకి తగ్గితే ‘ష్ట’కీ ‘ప్ట’కీ తేడా తెలియదు. తెరకి ఐదు వరసలు మించొద్దు. రాసేటప్పుడు యాంటీ ఏలియాసింగ్ (అక్షరం అంచుల్ని నునుపుచేసే ఏర్పాటు) తీసేయండి, లేకపోతే అక్షరం అంచుల్లోని బూడిదరంగు గడికి దక్కే నాలుగు రంగుల్లోకి సర్దుకోలేక మసకబారుతుంది. ఇటు పర్లాకిమిడి, రాయగడ చుట్టాలకీ అటు ఇచ్ఛాపురం వాళ్లకీ ఒకే కార్డు వెళ్తుంటే మొదటి తెరమీదే తెలుగా, ఒడియానా అని అడగాలి. అంటే మాటలున్న ప్రతి తెరా రెండుసార్లు గీయాలి. అందుకే మొత్తం నాలుగు సీన్లు చాలంటున్నాం.

ఆటకి ఇతివృత్తం వెతుక్కోనక్కర్లేదు, బిందెలో ఉంగరం ఉండనే ఉంది. మూడు బిందెలు మూడు ‘యాక్టర్లు’, అంటే తాకితే స్పందించే బొమ్మలు. ఒక వేరియబుల్‌కి (అంకె దాచుకునే చోటు) 1 నుంచి 3 లోపు ర్యాండమ్ అంకె ఇచ్చి, ఏ బిందె తాకితే ఆ అంకెతో పోల్చాలి. ర్యాండమ్ ఈవెంట్‌ని సీన్ మొదలయ్యే ‘ఆన్ ఇనిట్’ స్క్రిప్టులోనే పెట్టండి. బిందె స్క్రిప్టులో పెడితే తాకిన ప్రతిసారీ ఉంగరం చోటు మారుతుంది, పిల్లలు అన్యాయమని గోల పెడతారు, నిజమే కూడా. ఉంగరం దొరికాక ముహూర్తం, కల్యాణ మండపం ఉన్న తెర రావాలి.

దీన్నే పెళ్లి ప్రస్తావనకి వాడేవాళ్లు చివర్లో ‘అవును, కాదు’ మెనూ పెడతారు. అందులో ‘బీ నొక్కితే సున్నా’ (బీ బటన్ తగిలితే ‘కాదు’ అన్నట్టే) అన్న టిక్కు తీసేయండి. కంగారులో వేలు తగిలి ‘కాదు’ పడితే నవ్వుకోడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ నిమిషానికి కాదు.

సంగీతానికి నాలుగు ఛానళ్లే. సన్నాయి గమకాలు వాటిలో సరిగా పలకవు, డోలు దెబ్బ మాత్రం నాయిస్ ఛానల్లో పర్వాలేదు. తెరమీద ఒకసారి తాకేదాకా బ్రౌజర్ శబ్దం రానివ్వదు, అది మీ తప్పనుకుని వెతుక్కోవద్దు.

పూర్తయ్యాక వెబ్ ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫోల్డర్ లోపలివన్నీ జిప్ చేసి ఇచ్.ఐఓలో (ఆటలు పెట్టుకునే సైటు) ఎక్కించాలి. ‘మొబైల్ ఫ్రెండ్లీ’ టిక్కు మరవద్దు. మండపం మారినా అదే లింకులో కొత్త జిప్ పెడితే సరిపోతుంది.

క్యూఆర్ కోడ్ ఆ లింకుకే నేరుగా తీయండి. మధ్యలో తమ లింకు పెట్టే సైట్లు కొన్ని ట్రయల్ గడువు అయ్యాక పనిచేయడం మానేస్తాయి, అప్పటికి కార్డులు పంచేసి ఉంటారు. కోడ్‌ని కార్డు మూలకి పెట్టొద్దు, అక్కడ పసుపు, కుంకుమ రాస్తాం. పసుపు మీద చదివేసినా కుంకుమ ముద్ద పడితే కష్టం. కోడ్ తీసేటప్పుడు తప్పులు సర్దుకునే స్థాయిల్లో ‘హెచ్’ ఎంచుకుంటే సుమారు 30 శాతం దెబ్బతిన్నా చదువుతుంది. రెండున్నర సెంటీమీటర్ల కొలత, చుట్టూ నాలుగు చుక్కల ఖాళీ ఉంచి, తెలుపు మీద నలుపులో వేయించండి. మెరూన్ మీద బంగారు ఫాయిల్‌లో వేద్దామని ప్రెస్సువాళ్లు అంటే ఒప్పుకోవద్దు. ఫాయిల్ మెరుపుకి కెమెరా తికమకపడుతుంది, ముదురు మీద లేత రంగు కోడ్‌ని కొన్ని ఫోన్లు అసలు గుర్తించవు.